పంతులుగారు ఎందుకు వెళ్లిపోవుచున్నారు?

(అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సందర్భమున సంఘపెద్దలు, పాఠశాలల కరస్పాండెంట్లు, ఉపాధ్యాయులు కూడిన సదస్సులో చేసిన ప్రసంగము)



ఉత్సవ సంఘమువారు మాకు ఇచ్చిన అంశము "మన పాఠశాలలు: నిన్న, నేడు, రేపు" అనునది. నిన్నటిని గూర్చి మా కంటె పెద్దలు ఈ సావనీరునకు వ్యాసములు వ్రాసియున్నారు. పాత భవనముల ఫోటోలు కూడ అచ్చుకు వెళ్లినవని విన్నాము. రేపటిని గూర్చి చెప్పుటకు మేము ప్రవక్తలము కాము. కాబట్టి నేటి సంగతులలో ఒక్కటి మాత్రమే తీసికొని, ఇచ్చిన సమయమంతయు దానికే ఖర్చు చేయుటకు మీ అనుమతి కోరుచున్నాము. అది ఏమనగా, మన బడులలో ఉపాధ్యాయులు నిలుచుట లేదు.

ప్రతి సంవత్సరము జూన్ నెలలో కాంపౌండు గేటుకు "టీచర్లు కావలెను" అని ఒక బోర్డు కట్టుట మీరు చూచియున్నారు. వెనుకటి రోజులలో దానిని జూలైలో విప్పేవారు. ఇప్పుడు విప్పుటకు అవకాశమే చిక్కుట లేదు. ఎండకు అక్షరములు వెలిసిపోయిన తరువాత క్రొత్త బోర్డు కట్టుచున్నారు. తరగతి గదులకు రంగులు వేయించుచున్నాము, కంప్యూటర్లు కొనుచున్నాము, గేటుకు కమాను కట్టించుచున్నాము. లోపల తొమ్మిదవ తరగతి పిల్లలకు లెక్కల టీచరు లేడు.

తెలుగుదేశములో మన పాఠశాలల కథ చెప్పువారు సాధారణముగా రాబర్టు నోబులుగారితో ఆరంభించెదరు. ఆయన 1841లో బందరు వచ్చి, 1843లో బడి తెరచి, మరల స్వదేశము వెళ్లక, 1865లో ఆ పట్టణముననే కన్నుమూసారు. ఇరువది రెండేండ్లు ఒకే బడి. గుంటూరులో హయ్యరు దొరగారు 1842లో పని ప్రారంభించారు. ఇవి గొప్ప సంగతులే. అయితే నోబులుగారి బడి మొదట అగ్రవర్ణముల బాలురను ఉద్దేశించినది. మన తాతలకు, ముత్తాతలకు అక్షరము వచ్చినది ఆ బడినుండి కాదు. మాలపల్లెలలో, మాదిగ గూడెములలో తాటాకు ప్రార్థన పాకలో చాప పరచుకొని కూర్చున్న పంతులుగారి వలన వచ్చినది.

1912లో దోర్నకలు బిషపుగా అభిషేకింపబడిన అజరయ్యగారు తన పనియంతటిని ఈ గ్రామ పంతులు మీద నిలిపారు. పంతులుకు తర్ఫీదు ఇచ్చునప్పుడు అతని భార్యకు కూడ చదువు చెప్పించుట ఆ రోజులలో గొప్ప ఆలోచన. ఒక జీతముతో ఇద్దరు పనివారు దొరికిరని దానిని లోభముగా కూడ చూడవచ్చును గాని, ఆ పంతులమ్మల వలననే మన పల్లెలలో ఆడపిల్లలు పలక పట్టుకొన్నారు. పంతులుగారు పగలు పిల్లలకు, రాత్రి లాంతరు వెలుగులో కూలికి వెళ్లి వచ్చిన పెద్దలకు చదువు చెప్పేవారు. ఉదయ సాయంకాల ప్రార్థనలు ఆయనవే. తాలూకా కచ్చేరీకి అర్జీ వ్రాయవలెనన్నను, రంగూనునుండి వచ్చిన ఉత్తరము చదివి చెప్పవలెనన్నను, ఆలుమగల తగవు తీర్చవలెనన్నను ఆయనే. ఊరిలో బడి ఉన్నదా అని ఎవరును అడిగేవారు కారు. పంతులు ఉన్నాడా అని అడిగేవారు.

ఆయనకు ఏమి ఇచ్చేవారు? మిషను ఇచ్చు కొద్ది రూపాయలు, దాని పైన సంఘస్థులు ఇచ్చునది. ప్రతి ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము తీసి వేరే కుండలో వేసేది. ఆదివారము ఆ బియ్యము ఆరాధనలో సమర్పణగా వచ్చేది. కోతకాలపు పండుగకు ధాన్యము, కోడి, గుమ్మడికాయ. అది చాలినంత జీతమని మేము చెప్పుట లేదు. అయితే ఆ బియ్యపు కుండలో ఒక సంగతి ఉన్నది: పంతులుగారి ఇంట పొయ్యి వెలుగుట తమ ఇంటి లెక్కలోనిదని ఊరివారు రోజుకు రెండుసార్లు జ్ఞాపకము చేసికొనేవారు.

ఈ మాట చెప్పగానే కొందరు పెద్దలు, "ఆ కాలపువారికి అంకితభావము ఉండెను, ఈ కాలపువారికి లేదు" అని తల ఊపుచున్నారు. దయచేసి తొందరపడవద్దు. ఆ పంతులుగారు నిలిచిపోవుటలో అంకితభావము ఉన్నది, నిజమే. దానితోపాటు ఇంకొకటి కూడ ఉన్నది: వెళ్లుటకు వేరొక వాకిలి లేదు. ఎనిమిదవ తరగతి, దానిపైన ట్రైనింగు చదివిన పల్లె కుర్రవానికి ఆ రోజులలో కచ్చేరీలో గుమాస్తా కొలువు ఎవరు ఇచ్చెదరు? నేడు ఆ పంతులుగారి మనుమరాలికి పది వాకిళ్లు తెరచి ఉన్నవి. అవి తెరచుకొనవలెనని మన సంఘములే నూరేండ్లు ప్రార్థించినవి. ప్రార్థన నెరవేరినందుకు సణుగుట తగదు.

నడుమ ఒక మంచి కాలము వచ్చినది. ప్రైవేటు బడులకు ప్రభుత్వము గ్రాంటు ఇచ్చు పద్ధతి 1854 నాటి ఉడ్ గారి విద్యా లేఖనుండి ఉన్నదే. స్వాతంత్ర్యము తరువాత అది పెరిగి, మన ఉన్నత పాఠశాలలలో మంజూరైన పోస్టులకు ప్రభుత్వమే జీతము, పింఛను ఇచ్చుట అలవాటైనది. ఎయిడెడ్ పోస్టులో చేరిన పంతులుగారు ముప్పదియేండ్లు ఒకే బడిలో పనిచేసి, తాను చదువు చెప్పిన పిల్లల పిల్లలకు కూడ చెప్పి, పూలదండ వేయించుకొని వెళ్లేవారు. ఈ సభలో నలువది దాటినవారమందరము అట్టివారి చేతి బెత్తము రుచి ఎరిగినవారమే.

ఆ మంచి కాలములోనే ఒక చిక్కు ఉన్నది. జీతము ప్రభుత్వము ఇచ్చుచుండగా, పంతులుగారి పొయ్యి సంగతి సంఘమునకు అక్కరలేకపోయెను. పిడికెడు బియ్యము ఆగిపోయెను, కనీసము పంతులుగారి కొరకు ఆగిపోయెను. ఒక తరము గడిచేసరికి బడి అనగా సంఘము పోషించవలసినది అను తలంపు పోయి, సంఘమునకు ఉన్న ఆస్తి అను తలంపు వచ్చినది.

తరువాత ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అగుచు వచ్చినవి. ఒకరు రిటైరైతే ఆ స్థానములో క్రొత్తవారిని వేసికొనుటకు అనుమతి దొరుకుట లేదు. ఏండ్ల తరబడి ఇదే స్థితి. పిల్లలు ఉన్నారు, తరగతులు ఉన్నవి. కాబట్టి యాజమాన్యము తన డబ్బుతో ఒకరిని పెట్టుకొనును. ఆయనకు "మేనేజిమెంటు టీచరు" అని పేరు. ఒకే స్టాఫు రూములో, ఒకే బల్ల దగ్గర, అవే పీరియడ్లు చెప్పు ఇద్దరు కూర్చుందురు. ఒకరికి ప్రభుత్వపు స్కేలు. రెండవవారికి దానిలో ఒక చిన్న ముక్క. వయసులో చిన్న, ఓపిక ఎక్కువ కాబట్టి స్పోర్ట్సు, మధ్యాహ్న భోజనపు కాపలా, ఆదివారము స్పెషల్ క్లాసులు రెండవవారికే.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ యాజమాన్యములను ఒక ప్రశ్న అడిగినది: సంస్థను ఆస్తులతో సహా అప్పగించెదరా, లేక ఎయిడు పొందు సిబ్బందిని మాత్రము అప్పగించి సొంత ఖర్చులతో నడుపుకొందురా? అనేక చోట్ల తల్లిదండ్రులు రోడ్డు మీదికి వచ్చారు. ఆ నవంబరులో, ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చునని ప్రభుత్వమే వెసులుబాటు ఇచ్చినది. అయినను ఈలోగా సిబ్బందిని అప్పగించిన బడులలో అనుభవజ్ఞులైన పంతుళ్లు ప్రభుత్వ బడులకు వెళ్లిపోయారు. వారిని తప్పుపట్టువారెవరు? ఇది విధాన సంగతి. ఇక్కడ మనము కూర్చుండి తీర్మానించునది కాదు. దానిని దాటి, మన చేతిలో ఉన్న సంగతికి వద్దాము.

"డి.ఎస్.సి. పడగానే అందరు పోవుచున్నారండీ, మనము చేయగలిగినది ఏమున్నది?" అని కరస్పాండెంట్లు అందురు. నిజమే. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు డి.ఎస్.సి. జరిగి, అక్టోబరు 9న నియామక పత్రములు ఇచ్చారు. ఆంధ్రలో 2025లో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చి, సెప్టెంబరు నెలాఖరులో పత్రములు ఇచ్చారు. బడులు తెరచునది జూన్‌లో. అనగా రెండు చోట్లను చదువుల సంవత్సరము నడుమ, తరగతి మంచి ఊపులో ఉన్నప్పుడు పంతులమ్మ వెళ్లిపోయినది. ప్రైవేటు బడులన్నిటికి ఇదే దెబ్బ. ఒక చిత్రము చెప్పుదుము: అదే ఆదివారము, ఉద్యోగము వచ్చిన పిల్ల తల్లిదండ్రులు గుడిలో కృతజ్ఞతార్పణ ఇచ్చెదరు, పాస్టరు సంతోషముతో ప్రార్థన చేయును, కరస్పాండెంటుగారు మొదటి వరుసలో కూర్చుండి ఆమేన్ అనుచు, సోమవారము ఎనిమిదవ తరగతికి ఎవరిని పంపవలెనో లెక్క వేసికొనును. ఆ పిల్ల మన బడిలోనే చదివి, మన బడిలోనే చెప్పి, పరీక్షకు సిద్ధపడినది. ఆమెను నిందింపరాదు.

అయితే డి.ఎస్.సి. ఏటేటా రాదు. ఆంధ్రలో 2025కు ముందు 2018లో వచ్చినది. తెలంగాణలో 2024కు ముందు 2017లో. నడుమ ఉన్న ఆ ఆరేడు సంవత్సరములు మన పంతుళ్లు నిలిచియున్నారా? లేదు. 2019లో ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయములకు లక్షకు పైగా ఉద్యోగములు పడినప్పుడు బి.ఎడ్. చదివినవారు ఎందరో అటు వెళ్లారు. ఇంకొందరు ప్రక్క వీధి బడికి వెళ్లారు. కొందరు ఇన్సూరెన్సు ఏజెంట్లైనారు. కుట్టుమిషను పెట్టుకొన్న పంతులమ్మలను మేము ఎరుగుదుము. ప్రభుత్వపు కొలువు కొరకు వెళ్లినవారి సంగతి సులువుగా అర్థమగును. ఎక్కువ జీతము లేని చోటికి వెళ్లినవారి సంగతియే మనము ఆలోచింపవలెను.

వారిలో ఒకరి మాట చెప్పుదుము. బడి పేరు, ఊరి పేరు అడుగవద్దు. ఆమె లెక్కల టీచరు. తొమ్మిదేండ్లు ఒకే బడిలో చెప్పినది. పదవ తరగతిలో లెక్కలు తప్పినవారు ఆమె కాలములో అరుదు. వెళ్లిపోవుచున్నదని తెలిసి మేము అడిగాము: "అమ్మా, ఇన్నేండ్లు ఉన్నారు గదా, ఇంకొక వెయ్యి రూపాయలకు వెళ్లిపోవుచున్నారా?"

"వెయ్యి కాదండి అయ్యగారూ. అక్కడ కూడా ఇంతే ఇస్తానన్నారు" అన్నది. "ఇక్కడ కమిటీ మారిందండి. నేను పాత కమిటీవాళ్ల మనిషినంట. సర్టిఫికెట్లు మళ్లీ తెచ్చి చూపించమన్నారు. చూపించాను. తరువాత డెమో క్లాసు చెప్పమన్నారండి. తొమ్మిదేళ్ల తరువాత! ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఒకాయన కొడుక్కి పోయిన ఏడే తొంభై మార్కులు వచ్చాయి, నా దగ్గరే. బోర్డు మీద లెక్క వేస్తుంటే చెయ్యి వణికిందండి."

ఈ మాట సావనీరులో అచ్చువేయవచ్చునా అని సంపాదకవర్గమువారు ఆలోచించుచుందురు. వేయవలెనని మనవి. ఎందుకనగా జీతము తక్కువని అందరికి తెలిసినదే. ఈ రెండవ సంగతి బయట ఎవరును చెప్పరు. పాస్టరేటు కమిటీకి ఎన్నికలు జరిగినప్పుడెల్ల బడి కూడ గెలిచినవారి వంతుకు వచ్చుచున్నది. కరస్పాండెంటు మారును, హెడ్మాస్టరు మారును, ప్యూను కూడ మారును. కోర్టు వ్యాజ్యములు ఉన్నచోట బ్యాంకు ఖాతా ఆగిపోయి, ఎవరి సంతకము చెల్లునో తేలువరకు జీతములు ఆగును. పంతులమ్మ ఏ వర్గపు మనిషియు కాదు. ఆమె లెక్కల మనిషి. ఆమెకు ఓటు కూడ వేరే సంఘములో ఉండవచ్చును, లేదా ఆమె క్రైస్తవురాలే కాకపోవచ్చును. అయినను ప్రతి మూడేండ్లకు తాను ఎవరి మనిషినో నిరూపించుకొనవలసి వచ్చుచున్నది. ప్రక్క వీధిలో వ్యాపారము కొరకు బడి నడుపు యజమాని కఠినుడే కావచ్చును, కాని ఒక్కడే. ఎవరిని మెప్పించవలెనో తెలియును.

ఇక జీతము సంగతి. ఎంత అనుదానికంటె ఎన్ని నెలలు అనునది ముఖ్యము. అనేక బడులలో ఏప్రిలు ఇరువది మూడవ తేదీతో బడి మూసి, మే జీతము ఇవ్వరు. జూన్‌లో బడి తెరచినను, ఫీజులు వసూలైన తరువాత అందురు. అనగా పంతులమ్మ ఇంటిలో వరుసగా రెండు నెలలు జీతము లేదు. అదే మే నెలలో ఆమె ఎండలో అడ్మిషన్ల కొరకు ఇంటింటికి తిరుగవలెను. ఇంతమంది పిల్లలను తెచ్చినగాని జూన్‌లో రానవసరము లేదని చెప్పు బడులు కూడ కలవు. పాస్టరుకు మే నెల జీతము ఆగదు. డయాసిసు ఆఫీసు గుమాస్తాకు ఆగదు. ఆగునది చదువు చెప్పువారికే. మోషే ధర్మశాస్త్రములో కూలివాని కూలి సూర్యుడు అస్తమింపక మునుపే ఇవ్వవలెనని ఉన్నది. మన లెక్కలో సూర్యుడు ఏప్రిలులో అస్తమించి జూలైలో ఉదయించుచున్నాడు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు ప్రైవేటు పంతుళ్ల బ్రతుకు ఎట్లు తలక్రిందులైనదో మీరు చూచారు. కూరగాయల బండి పెట్టినవారు, ఉపాధి హామీ పనికి వెళ్లినవారు ఉన్నారు. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించినది. మరల బియ్యము! ఈసారి ఇచ్చినది సంఘము కాదు. ఆ రోజులలో ఏ యాజమాన్యము సగము జీతమైనను ఇచ్చినదో, ఏది ఫోనే ఎత్తలేదో పంతుళ్లకు జ్ఞాపకము ఉన్నది. బడులు తిరిగి తెరచినప్పుడు కొందరు అందుకే తిరిగి రాలేదు. వేరే పని నేర్చుకొన్నారు, అది నెలనెలా డబ్బు ఇచ్చుచున్నది.

నియామక పత్రము లేకుండుట, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళము వేయుట, ప్రసవమునకు సెలవు అడిగిన పంతులమ్మను "తరువాత చూద్దాములే" అని ఇంటికి పంపుట — వీటిని ఒక్కొక్కటిగా వివరించుట అనవసరము; తెలిసినవారికి తెలియును. ఒక్క సంగతి మాత్రము పెద్దలు గుర్తింపవలెను. ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు 1997 ఏప్రిలు 3వ తేదీనుండియే గ్రాట్యుటీ వర్తించునని 2009లో చట్టమును సవరించారు. ఆ సవరణ చెల్లునని 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. ఐదేండ్లు నిండిన పంతులమ్మ వెళ్లునప్పుడు ఏడాదికి పదిహేను రోజుల జీతము చొప్పున ఇవ్వవలెను. అది దయాధర్మము కాదు. మనము పైన చెప్పుకొన్న లెక్కల టీచరుకు శాలువ కప్పారు. తొమ్మిదేండ్ల గ్రాట్యుటీ ఊసు ఎవరును ఎత్తలేదు, ఆమెయు అడుగలేదు.

ఇది మన ఒక్కరి బాధ కాదని కూడ చెప్పవలెను. 2030 నాటికి ప్రపంచములో ప్రాథమిక, మాధ్యమిక బడులకు ఇంకను 4 కోట్ల 40 లక్షలమంది ఉపాధ్యాయులు కావలసియుందురని యునెస్కో లెక్క కట్టినది. ప్రాథమిక బడులలో ఏటా పని మానుచున్నవారు 2015లో నూటికి నలుగురైదుగురు ఉండగా, 2022 నాటికి తొమ్మిదిమంది అయినారు. అమెరికాలో కూడ టీచర్లు చాలక మన హైదరాబాదునుండి పంతుళ్లను తీసికొని వెళ్లుచున్నారు. మనకు దీనిలో ఓదార్పు ఏమియు లేదు. ఉన్నవారి కొరకు పోటీ ఇంకను పెరుగునని మాత్రమే దీని అర్థము. దానికి తోడు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైరగుటకు ఐదేండ్లకు పైగా ఉన్న ఉపాధ్యాయులు రెండేండ్లలో టెట్ పరీక్ష ప్యాసు కావలెనని తీర్పు చెప్పినది. మైనారిటీ బడుల సంగతి విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. అది ఎటు తేలినను, టెట్ ఉన్న పంతులుకు గిరాకీ పెరుగును. అట్టివాడు మన గేటు బోర్డు చూచి ఎందుకు లోపలికి రావలెను?

పిల్లల సంగతి రెండు మాటలు. ఒక బడిలో తొమ్మిదవ తరగతి పిల్లవాని లెక్కల నోటుబుక్కు మేము చూచాము. జూన్‌లో ఒకరి చేతివ్రాతతో సంతకములు, సెప్టెంబరునుండి ఇంకొకరివి, జనవరిలో మూడవవారివి. వచ్చిన ప్రతివారు వాస్తవ సంఖ్యలు మొదటినుండి చెప్పారు. ఆ పిల్లవానికి వాస్తవ సంఖ్యలు బాగుగా వచ్చును. త్రిభుజములు రావు. డబ్బున్న ఇంటి పిల్లవాడైతే ట్యూషను పెట్టుకొనును. వీని తండ్రి ఆటో నడుపుచున్నాడు, తల్లి మన గుడిలో తుడుచుచున్నది. ఈ బడిలో చదివినగాని వానికి వేరే దారి లేదు.

కొందరు పెద్దలు ఇప్పుడు, "డబ్బు ఎక్కడనుండి వచ్చును?" అని అడిగెదరు. న్యాయమైన ప్రశ్న. మేము ఎరిగినంత మట్టుకు జవాబు చెప్పెదము. మన పట్టణ బడులలో అనేకమైన వాటికి రోడ్డు వైపు ప్రహరీని ఆనుకొని షాపులు కట్టి అద్దెకు ఇచ్చియున్నారు. ఆ స్థలము బడి కొరకు దాతలు ఇచ్చినది. అద్దె ఏ ఖాతాలో పడుచున్నది? దానిలో కొంత భాగము మే, జూన్ జీతములకని ముందే వేరు చేసి పెట్టినయెడల రెండు నెలల సమస్య తీరును. దీనికి బిషపుగారి సంతకము, కోశాధికారి పుస్తకములో ఒక వరుస చాలును. కాంపౌండులో మిషనరీల నాటి క్వార్టర్లు ఖాళీగా, తలుపులు చెదలు పట్టి ఉన్నవి. బాగు చేయించి పంతుళ్లకు ఇచ్చినయెడల ఇంటి అద్దె మిగులును, జీతము పెంచినంత పని అగును. మన సంఘములలో ఎయిడెడ్ పోస్టులనుండి రిటైరై పింఛను తీసికొనుచున్న లెక్కల, ఇంగ్లీషు పంతుళ్లు ఎందరో కలరు. డి.ఎస్.సి. ఏడాదిలో నడుమ ఖాళీ వచ్చినప్పుడు రోజుకు రెండు పీరియడ్లు చెప్పుమని వారిని అడుగవచ్చును. వారు కమిటీలలో తీరిక లేక ఉన్నారన్నది నిజమే. అయినను కమిటీలో ఉండుటకంటె నల్లబల్ల దగ్గర వారు ఎక్కువ బాగుందురు.

డబ్బు అక్కరలేని పని ఒకటి ఉన్నది, అదే అన్నిటికంటె కష్టము. బడి పరిపాలనను పాస్టరేటు ఎన్నికలనుండి విడదీయవలెను. చేరిన రోజుననే ప్రతి పంతులుకు, పంతులమ్మకు నియామక పత్రము చేతికి ఇవ్వవలెను; దానిలో పండ్రెండు నెలల జీతము, సెలవులు, ప్రసవపు సెలవు, తొలగించు పద్ధతి వ్రాసియుండవలెను; కమిటీ మారినను ఆ కాగితము మారకూడదు. పౌలు సంఘములో దేవుడు నియమించినవారి వరుస చెప్పునప్పుడు బోధకులను మూడవవారిగా లెక్కించెను. పరిపాలన చేయువారు ఆ పట్టీలో ఎక్కడ వచ్చెదరో ఇంటికి వెళ్లి కొరింథీ పత్రిక తెరచి చూచుకొనుడి. మేము ఇక్కడ చెప్పినయెడల కమిటీవారికి కోపము వచ్చును.

మా పాస్టరేటులో స్త్రీల సహవాసమువారు వెనుకటి పిడికెడు బియ్యమును మరల ఆరంభించి ఇప్పటికి రెండు సంవత్సరములైనది. ఈ రోజులలో బియ్యము పట్టుకొని రారు. వారమునకు ఇంటికి పది రూపాయలు, ఇరువది రూపాయలు కవరులో వేసి ఇచ్చెదరు. అది ఎవరి జీతమునకును చాలదు. అయినను రెండు వేసవులుగా బడిలోని ముగ్గురు మేనేజిమెంటు టీచర్లకు మే నెల జీతము మే నెలలోనే ఇవ్వగలిగారు. ఆ కవర్లు లెక్కపెట్టునప్పుడు పంతులమ్మల పేర్లు, వారి పిల్లల పేర్లు, ఎవరి అత్తగారికి జబ్బుగా ఉన్నదో ఆ స్త్రీలకు తెలియుచున్నది. ముగ్గురిలో ఒకరు పోయిన డి.ఎస్.సి.లో వెళ్లారు, ఇద్దరు ఉన్నారు. ఈ సంవత్సరము షాపుల అద్దెనుండి జూన్ నెల కూడ కలుపవలెనని తీర్మానము వ్రాసియున్నాము, ఇంకను సంతకము కాలేదు.

ఈ సభలో అన్ని పాస్టరేట్ల కోశాధికారులు ఉన్నారు. షాపుల అద్దె లెక్కల పుస్తకములు తెమ్మని వారిని ముందుగానే కోరియున్నాము. భోజనము గంట కొట్టుటకు ఇంకను నలువది నిమిషములు ఉన్నది. అధ్యక్షులవారు అనుమతించినయెడల ఆ పుస్తకములు ఇప్పుడే తెరచి చూతము. ముందుగా మా పాస్టరేటుది, ఇదిగో బల్ల మీద పెట్టుచున్నాము.